పక్కకు జారిపోయిన గడి

తెర మీద అక్షరాలు మొదటిసారి పెంచింది ఒక సెప్టెంబర్ ఉదయం, పని మొదలుపెట్టే ముందు. నూరు శాతం ఉన్నదాన్ని నూటపది చేశాను. కంట్రోల్ మీట, దానితోపాటు ప్లస్ మీట, అంతే. ఎవరూ చూడలేదు. చూడటానికి అక్కడ ఎవరూ లేరు కూడా. అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్లో మా ఇంటి మేడ మీద, బట్టలుతికే మెషీన్ ఉన్న గదికి ఆనుకుని ఒక చిన్న గది ఉంది. అందులో తలుపేసుకుని చేసే ఉద్యోగం నాది. అయినా ఏదో దొంగపని చేసినట్టు ఒకసారి వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాను.

నేను తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. ఇంగ్లీషు రాని తెలుగువాళ్లు ఈ దేశంలో ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లినా, అక్కడి నర్సు మా కంపెనీకి కాల్ చేస్తే అది నా లాప్‌టాప్‌కి వస్తుంది. డాక్టర్ అన్నది తెలుగులో చెప్పాలి, పేషెంట్ అన్నది ఇంగ్లీషులో చెప్పాలి. సొంతంగా ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. ఒక్కోసారి నర్సు ఒక లింక్ పంపిస్తుంది. అది నొక్కితే పేషెంట్ కాగితం నా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఇంటికెళ్లాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు, మందుల పట్టిక, సంతకం పెట్టాల్సిన ఫారాలు, ఇలాంటివి. అవి చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చదివి వినిపించాలి. పెళ్లయి వచ్చాక తొమ్మిదేళ్లు నా వీసా మీద పనిచేసే వీల్లేక ఇంట్లో కూర్చున్నాను. ఆ తర్వాత దొరికిన మొదటి ఉద్యోగం ఇది.

అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. ఆ వయసులో దగ్గరి చూపు మందగించడం అందరికీ ఉన్నదే. ఇంకొకరైతే వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకునేవారు. నేను వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చెప్పాలంటే మా పెద్దమ్మ గురించి చెప్పాలి.

పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. తెనాలిలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. వేసవి సెలవులు నాకు వాళ్లింట్లోనే గడిచేవి. నా పదో ఏట ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతూ, "ఈ గదిలో వెలుతురు చాలట్లేదే" అనడం మొదలుపెట్టింది. పెదనాన్న అరవై బల్బు తీసి వంద బల్బు పెట్టాడు. తర్వాత టేబుల్ లైటు వచ్చింది. ఆ తర్వాత బల్లే కిటికీ దగ్గరికి జరిగింది. ఆ రోజుల్లోనే ఆవిడ నడుస్తూ నడుస్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకునేది. "ఈ ఇంట్లో గుమ్మాలన్నీ ఇరుకే" అని నవ్వేసేది. చివరికి గుంటూరులో డాక్టరు చూసి నీటికాసులు అన్నాడు. కంటిలో ఒత్తిడి పెరిగి, లోపలి నరం కొంచెం కొంచెంగా చచ్చుబడిపోయే జబ్బు. పోయిన చూపు తిరిగిరాదని, రెండేళ్ల ముందు వచ్చుంటే ఉన్నదన్నా నిలబెట్టేవాణ్ణని చెప్పాడట. నేను కాలేజీలో చేరేసరికి పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచి మొహం చేతులతో తడిమి చూసి, "చిక్కిపోయావే" అంది. ఆ వేళ్లు నా కనురెప్పల మీద ఆగినప్పుడు తల వెనక్కి లాక్కున్నాను. అది రక్తసంబంధీకులకి వచ్చే అవకాశం ఎక్కువని, మేమంతా చూపించుకుంటూ ఉండాలని అమ్మ అప్పుడే చెప్పింది.

ఆ మాట విన్నవాళ్లు ఏటేటా కళ్లు చూపించుకోవాలి. నాకు మాత్రం కంటి డాక్టర్ కుర్చీ తలుచుకుంటేనే భయం. అక్కడ కూర్చోనంతకాలం నాకేమీ లేనట్టే అనుకునేదాన్ని.

అక్టోబర్‌కి నూటపాతిక అయింది. నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ సెలవులకి నూటయాభై. అంకె మారిన రోజు హాయిగా ఉండేది. నాలుగైదు వారాలకి మళ్లీ అక్షరాల అంచులు అలుక్కుపోయేవి. తెలుగు పేజీలైతే మరీ కష్టం. అక్షరం కనపడేది కానీ కింద ఉన్న ఒత్తు ఏమిటో తెలిసేది కాదు. ఇక తోచిన సెట్టింగ్ అల్లా మార్చడం మొదలుపెట్టాను. తెర వెలుగు పెంచితే మధ్యాహ్నానికి కళ్లు మండేవి. తగ్గిస్తే లేత రంగు అక్షరాలు మాయమయ్యేవి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టి చూశాను. రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత ప్రతి అక్షరం చుట్టూ పొగలాగా ఒక తెల్లటి అంచు కనిపించసాగింది. దాంతో భయమేసి మళ్లీ మామూలు తెరకి వచ్చాను. పసుపు వెలుగు, లావు అక్షరాలు, వరుసల మధ్య ఎడం, అన్నీ అయ్యాయి. ఏ మార్పు చేసినా ముందు చేసే పని ఒకటుండేది. ఎడమ కన్ను మూసి చదవడం, తర్వాత కుడి కన్ను మూసి చదవడం. రెండింటికీ తేడా ఉందో లేదో తేల్చుకునేలోపే మానేసేదాన్ని.

ముందుగా కనిపెట్టింది మా అమ్మాయి. పదిహేనేళ్లది. ఒకరోజు స్కూల్ నుంచి తీసుకొస్తుంటే దారి చూడటానికి నా ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, ఏంటి ఇది? నీ ఫోన్ బిల్‌బోర్డ్ లాగా ఉంది. ఒక స్క్రీన్‌కి ఫోర్ వర్డ్స్ వస్తున్నాయి."

"కార్లో ఉన్నప్పుడు చూసుకోవడానికి అలా పెట్టాను."

"డ్రైవింగ్‌లో ఫోన్ చూడకూడదు కదా?"

రేడియో పెట్టాను.

మావారు అడిగినప్పుడు ఇంకో అబద్ధం చెప్పాను. క్రిస్మస్ సెలవుల్లో టికెట్లు బుక్ చేయడానికని నా లాప్‌టాప్ తెరిచి ఆయన ఆశ్చర్యపోయారు.

"ఇదేంటి, జూమ్ నూటడెబ్భై అయిదులో ఉంది? కళ్లు చెక్ చేయించుకున్నావా అసలు?"

"చేయించాను. డ్రై ఐస్, కళ్లు పొడిబారాయన్నారు. చుక్కలేసుకుంటే పోతుందన్నారు."

"ఎప్పుడెళ్లావు? ఇన్సూరెన్స్‌లో ఏం కనపడలేదే."

"కళ్లద్దాల షాపులో ఊరికే చూస్తారుగా, అలా."

ఆయన నమ్మారు. నమ్మకపోతే బాగుండునని ఒక క్షణం అనిపించింది.

జనవరిలో రెండు వందలకి చేరాను. కొన్ని పేజీలు అంత సైజులో చక్కగా సర్దుకునేవి. వాక్యాలు కిందికి మడతపడి, వేలితో జరుపుకుంటూ పోతే అన్నీ దొరికేవి. కొన్ని పేజీలు అలా సర్దుకోవు. అక్షరాలు పెరిగిన కొద్దీ పేజీ వెడల్పుగా సాగి, కుడివైపున్న భాగం తెర అవతలికి వెళ్లిపోతుంది. పేజీ అడుగున బూడిద రంగులో సన్నని పట్టీ ఒకటి వస్తుంది, దాన్ని పక్కకి లాగితే అవతలిది కనపడుతుంది. లేత బూడిద మీద ఇంకొంచెం ముదురు బూడిద. నాకు ఆ పట్టీ కనపడేది కాదు. అలాంటిది ఒకటి ఉంటుందన్న ధ్యాస కూడా లేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం పదిన్నరకి కాల్ వచ్చింది. అరిజోనాలో ఒక ఆసుపత్రి. మాకంటే రెండు గంటలు వెనక. పేషెంట్‌కి అరవై దాటాయి. ముందురోజు పెద్దపేగులోంచి రెండు కణుతులు తీశారు. రాత్రి ఉంచుకుని పొద్దున్నే ఇంటికి పంపిస్తున్నారు. బరువులు ఎత్తకూడదని నర్సు చెప్పమంటే చెప్పాను.

"గట్లెట్ల అయితది బిడ్డా? స్వీట్ షాపుల మాస్టర్‌ను నేను. పొద్దున లేస్తే పెద్ద పెద్ద గిన్నెలు లేపుడే పని" అన్నాడాయన.

అదంతా ఇంగ్లీషులో చెప్పాను. నర్సు నవ్వి, పది రోజులు ఇంకొకరిచేత ఎత్తించమంది. తర్వాత లింక్ పంపి, "మందుల పట్టిక మీరు చదివి వినిపించండి, నేను వీల్‌చెయిర్ సంగతి చూస్తాను" అని గదిలోనే కొంచెం పక్కకి వెళ్లింది.

"నిదానంగ చెప్పు బిడ్డా, నా భార్య రాసుకుంటది" అన్నాడాయన.

పట్టికలో నాలుగు మందులు. నా తెర మీద మందు పేరు, ఎంత, ఎప్పుడు అని మూడు గడులు. ఒక్కొక్కటే చదివాను. మూడోది రక్తాన్ని పలచబరిచే మాత్ర, గుండె కోసం ఆయన ఎప్పటినుంచో వేసుకుంటున్నదే. "రోజుకి ఒకటి, భోజనం తర్వాత" అని చదివాను. భార్య గొంతు దాన్ని తిరిగి చెప్పుకుంటూ రాసుకుంది. "మూడోది, రోజుకొకటి, తిన్నంక."

"చల్లగుండు బిడ్డా" అన్నాడాయన. కాల్ అయిపోయింది. లింక్ మూసుకుపోయింది. రూల్ ప్రకారం నేను రాసుకున్న చీటీ చింపేశాను.

మధ్యాహ్నం రెండు కావస్తుండగా అదే ఆసుపత్రి నుంచి ఇంకో కాల్. ఈసారి పేషెంట్ ఒక గర్భిణి, నర్సు ఒక పెద్దాయన. అదే రకం పట్టిక. నేను మూడు గడులూ చదివి ఆగాను.

"నాలుగోది కూడా చదవండి. అన్నిటికన్నా అదే ముఖ్యం" అన్నాడు నర్సు.

"నాలుగోదా? నాకు మూడే కనిపిస్తున్నాయి."

"పేజీ పక్కకి జరపండి."

మౌస్‌తో తడుముకుంటూ పేజీ అడుగుకి వెళ్లాను. మొహం తెరకి ఆనేంతగా వంగితే ఆ బూడిద పట్టీ కనిపించింది. లాగాను. నాలుగో గడి వచ్చింది. దాని పైన ప్రత్యేక సూచనలు అని ఉంది. ఆ అమ్మాయికి అందులో ఉన్నవన్నీ చదివాను. నా గొంతు మామూలుగానే ఉంది. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టేసింది. అప్పుడు టైము రెండూ అయిదు.

పొద్దున ఆయన పట్టికలో నాలుగో గడి నేను చూడలేదు. అందులో ఏముందో? ఏమీ లేకపోవచ్చు. కానీ పేగులో కోసిన చోట పచ్చిగా ఉన్న మనిషికి రక్తాన్ని పలచబరిచే మాత్ర రోజూ మామూలుగా వేసుకోమంటారా? ఇన్నేళ్ల కాల్స్‌లో విన్నదాన్నిబట్టి నాకా మాత్రం తెలుసు. కొన్నాళ్లు ఆపమంటారు. ఆ మాట తప్పకుండా ఆ గడిలోనే ఉండుంటుంది.

అప్పుడు నేను వెంటనే ఫోన్ తీసి ఉండాల్సింది. తియ్యలేదు. లేచి నీళ్లు తాగాను. మెషీన్లో ఉన్న బట్టలు తీసి డ్రయ్యర్లో వేశాను. నర్సు నోటితో చెప్పే ఉంటుందిలే అనుకున్నాను. చెబితే నా ద్వారానే చెప్పాలి, నేను లేకుండా ఎలా చెబుతుంది? ఇంటికి ఇచ్చే కాగితంలో ఉంటుందిలే అనుకున్నాను. అది ఇంగ్లీషులో ఉంటుంది. భోజనం తర్వాత అంటే రాత్రి భోజనమే అనుకుంటాడు, ఇంకా బోలెడు టైముంది అనుకున్నాను. అసలు విషయం ఏమిటంటే, చెబితే ఎందుకు కనపడలేదని అడుగుతారు. కళ్ల సంగతి బయటపడుతుంది. ఉద్యోగం పోతుంది. తర్వాత ఆ కంటి డాక్టర్ కుర్చీలో కూర్చోవాల్సి వస్తుంది. ఒక మనిషి లోపల రక్తం కారుతుందేమోనన్న భయమూ, ఆ కుర్చీ భయమూ రెండూ ఒకేసారి ఉన్నాయి. ఏది పెద్దదని నన్నెవరైనా అప్పుడు అడిగి ఉంటే నిజం చెప్పగలిగేదాన్ని కాదు.

రెండూ ముప్పై అయిదుకి మా సూపర్‌వైజర్‌కి కాల్ చేశాను. ఆవిడ అమెరికన్, వేరే రాష్ట్రంలో ఉంటుంది, నేను ఎప్పుడూ మొహం చూడలేదు.

"పొద్దున ఒక కాల్లో నేను పేజీ మొత్తం చదవలేదు. చివరి గడి తెర బయట ఉండిపోయింది. అందులో మందు ఆపమని ఉందేమోనని భయంగా ఉంది" అన్నాను.

ఎందుకు కనపడలేదని ఆవిడ అడగలేదు. కాల్ ఎన్నింటికి వచ్చిందో చెప్పమని, "లైన్లోనే ఉండండి" అంది. ఆ లైన్లో ఏదో సంగీతం వస్తూ ఉంది. మూడూ పదికి తిరిగొచ్చింది.

"ఆసుపత్రివాళ్లు చూశారు. మూడో మందుకి ఐదు రోజులు ఆపాలని ఉంది. వాళ్లు ఇప్పుడే పేషెంట్‌కి ఫోన్ చేయాలి, కానీ తెలుగుకి ఇంకెవరూ ఖాళీగా లేరు. చదవాల్సింది ఏమీ లేదు, నర్సు నోటితోనే చెబుతుంది. మీరు చేయగలరా?"

చేస్తానన్నాను.

ఈసారి వచ్చిన నర్సు పొద్దుటి ఆమె కాదు, ఆ వార్డు పెద్ద. ఆమె నంబర్ కలిపింది. ఆరుసార్లు మోగి వాయిస్ మెయిల్‌కి వెళ్లింది. మళ్లీ కలిపింది. నాలుగోసారి మోగుతుండగా ఆయనే ఎత్తాడు.

నర్సు ఇంగ్లీషులో అన్నది నేను తెలుగులో అన్నాను. "రక్తాన్ని పలచబరిచే మాత్ర ఐదు రోజులు వేసుకోకూడదు. ఇవాళ వేసుకున్నారా?"

"ఏసుకున్న కదా" అన్నాడు. "ఇప్పుడే తిన్న. ఇరవై నిమిషాలైతుండొచ్చు."

అది నేను ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పాను. ఇరవై నిమిషాలు. లెక్క నా ప్రమేయం లేకుండానే తలలో జరిగిపోయింది. రెండూ అయిదుకే నేను ఫోన్ తీసి ఉంటే ఆ మాత్ర ఇంకా డబ్బాలోనే ఉండేది.

"ఎందుకు వేసుకున్నారు అని అడగండి, ఆపమని కాగితంలో ఉంది కదా" అంది నర్సు. పొద్దుటి కాల్ సంగతి ఆమెకి ఎవరూ చెప్పినట్టు లేదు.

అడిగాను. ఆయన గొంతులో కోపం లేదు, తికమక ఉంది.

"పొద్దుగాల ఆ తెలుగు మేడమే రోజుకొకటి తిన్నంక ఏసుకొమ్మని చెప్పింది. నా భార్య రాసుకున్నది కూడ. ఆమెవు నువ్వే కాదా బిడ్డా? గొంతు గట్లనే ఉన్నది."

ఒక్క మాట వదలకూడదు. ఆయన అన్నది అన్నట్టే ఇంగ్లీషులో నర్సుకి చెప్పాను, చివరి రెండు వాక్యాలతో సహా. సొంత మాట చెప్పాల్సి వస్తే, ఇది ఇంటర్‌ప్రెటర్ మాట అని ముందుగా చెప్పి మాట్లాడవచ్చు. అలాగే చెప్పి, ఆయనతో అన్నాను.

"నేనేనండీ. ఆపమన్న మాట ఉన్న గడి నేను చూడలేదు. చదవకుండా వదిలేశాను. తప్పు నాది."

వెనక ఆయన భార్య "ఏమంటున్నరు? ఏమైందంట?" అంటోంది.

"ఇప్పుడేమైతది మరి నాకు?" అన్నాడు.

నర్సు వెంటనే ఆసుపత్రికి రమ్మంది. ఆయన స్వయంగా డ్రైవ్ చేయకూడదంది. తీసుకొచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. షాపు ఓనర్‌ను పిలుస్తానన్నాడు. రక్తం పడితే, కళ్లు తిరిగితే, కడుపులో నొప్పి వస్తే అంబులెన్స్ పిలవమని నర్సు చెప్పింది. ఒక్కొక్కటీ రెండేసిసార్లు చెప్పాను. ఈసారి ఆయన చల్లగుండు అనలేదు.

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ నాకు కాల్స్ ఆపేసింది. విచారణ అయ్యేదాకా పని లేదు. ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపమంది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్న ప్రశ్నల తర్వాత ఒక ప్రశ్న ఉంది. పొరపాటు జరిగిందని మీకు ఎన్ని గంటలకు తెలిసింది? దాని కిందే ఇంకోటి. ఎన్ని గంటలకు తెలియజేశారు? రెండింటిలో ఒకే టైము రాస్తే ఎవరికీ తెలియదు. మొదటి గడిలో రెండూ ముప్పై అని టైప్ చేశాను. చెరిపేశాను. మళ్లీ చేశాను. చివరికి రెండూ అయిదు అని రాసి, అక్కడ ఆగితే మళ్లీ మారుస్తానేమోనని సబ్మిట్ నొక్కేశాను.

మావారు ఆఫీస్ నుంచి రాగానే అంతా చెప్పాను. షాపులో కళ్లు చూపించుకున్నానన్నది అబద్ధమని కూడా చెప్పాను. ఆయన బ్యాగు భుజాన ఉండగానే వంటింట్లో నిలబడి విన్నారు.

"ఆరు నెలల నుంచి నా పక్కన కూర్చునే సెట్టింగులు మార్చుకుంటున్నావా?" అన్నారు. "నాకొక్కడికైనా చెప్పొచ్చుగా."

"చెబితే తీసుకెళ్తారు కదా."

ఆయన బ్యాగు కింద పెట్టి కంటి డాక్టర్ కోసం ఫోన్లో వెతకడం మొదలుపెట్టారు. ఆ రాత్రీ మర్నాడూ నాకు కళ్ల గురించి ఆలోచన లేదు. అరిజోనాలో ఆయన ఎలా ఉన్నాడో తెలియదు. మా పనిలో కాల్ అయ్యాక పేషెంట్ ఏమయ్యాడో మాకెప్పుడూ తెలియదు. అడగకూడదు కూడా. గురువారం సూపర్‌వైజర్ కాల్ చేసింది. రూల్స్ ప్రకారం ఎక్కువ చెప్పలేనంటూనే చెప్పింది. కొంచెం రక్తం పడిందట. ఒక రాత్రి ఉంచుకున్నారట. దానంతటదే ఆగిందట. ఇంటికి పంపించేశారట. కొంచెం అంటే ఎంతో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

కంటి డాక్టర్ దగ్గర చేసిన పరీక్షల్లో ఒకటి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఒక కన్ను మూసి, గిన్నెలాంటి తెల్లటి పరికరంలో గడ్డం ఆనించి, మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒక చోట చిన్న వెలుగు మెరుస్తుంది. కనిపించినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. కుడి కంటితో నొక్కుతూనే ఉన్నాను. ఎడమ కన్నుకి వచ్చేసరికి కొన్నిసార్లు చాలాసేపు ఏమీ రాలేదు. వెలుగు రాలేదా, వచ్చింది నాకు కనపడలేదా? ఒకసారి భయానికి ఏమీ కనపడకుండానే నొక్కేశాను.

"చూసిన తర్వాతే నొక్కండి" అంది పక్కనున్న అమ్మాయి మెల్లగా.

డాక్టర్ నెమ్మదస్తురాలు. నా పక్కన మావారు, మా అమ్మాయి కూర్చున్నారు. అక్షరాలు అలుక్కుపోవడం వయసు వల్ల, కళ్లు పొడిబారడం వల్ల అని చెప్పింది. తెర ఉన్న దూరానికి సరిపడా అద్దాలు రాసిచ్చింది. నేను ఊపిరి వదిలాను. అప్పుడావిడ ఇంకో కాగితం తిప్పి చూపించింది. ఎడమ కంటి చిత్రంలో ముక్కువైపు పైభాగంలో చిన్న బూడిద మచ్చ ఉంది. గ్లాకోమా, అంటే పెద్దమ్మకి వచ్చిన నీటికాసులే, మొదలైంది. ఒత్తిడి ఎక్కువగా ఉంది.

"దీనికీ అక్షరాలు కనపడకపోవడానికీ సంబంధం లేదు" అందావిడ. "ఇది పక్కల నుంచి మొదలవుతుంది. మీకు తెలియదు. ఎంత పెద్ద అక్షరాలు పెట్టుకున్నా తెలియదు."

నేను ఆరు నెలలు దాచింది ఒక మామూలు కళ్లద్దాల సంగతి. దాని చాటున అసలుది నా ప్రమేయం లేకుండా దాని పని అది చేసుకుపోతోంది. పోయింది రాదనీ, చుక్కల మందు రోజూ తప్పకుండా వేసుకుంటే మిగిలింది చాలావరకు నిలుస్తుందనీ, నాలుగు నెలలకోసారి చూపించుకోవాలనీ చెప్పింది. చాలావరకు అన్నది ఎంతవరకు అని మావారు అడిగారు. దానికి అంకె చెప్పలేనంది.

మూడు వారాల తర్వాత నన్ను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఫారంలో నేను రాసిన అరగంట గురించి సూపర్‌వైజర్ ఒక్కసారే మాట్లాడింది. "అది రాసినందుకే మిమ్మల్ని ఉంచమని నేను చెప్పగలిగాను. కానీ ఆ అరగంట నాకు ఇప్పటికీ అర్థం కాలేదు" అంది. నాకు అర్థమైందని చెప్పలేకపోయాను. కంపెనీవాళ్లు పెద్ద మానిటర్ పంపారు. వాళ్ల టెక్నీషియన్ గంటసేపు నాతో కూర్చుని సెట్టింగులన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టించాడు. కొత్త అద్దాలతో నూటపాతిక చాలు. పేజీ ఎప్పుడూ తెర వెడల్పుకే సర్దుకునేలా, పక్కకి జరిపే పట్టీ లావుగా నల్లగా కనపడేలా మార్చాడు. వెనక నుంచి కిటికీ వెలుతురు పడకుండా బల్ల తిప్పించాడు. అంత సులువుగా అయిపోతుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు లింక్ తెరవగానే పేజీ నాలుగు అంచులూ చూస్తాను. నర్సులు కొందరు విసుక్కుంటారు. అరిజోనా కాల్ అయితే మొదటి పలకరింపు కోసం ఊపిరి బిగబట్టి వింటాను. ఆయన గొంతు మళ్లీ రాలేదు.

నాకు పరీక్షలైన రోజు ఇంటికొస్తుంటే మా అమ్మాయి కార్లో అడిగింది.

"అమ్మా, నాకు కూడా వస్తుందా అది?"

"తెలీదు నాన్నా."

"డాక్టర్ ఫ్యామిలీలో రన్ అవుతుంది అన్నారు కదా."

"అందుకే చూపించుకుందాం."

"నాకు వద్దు" అంది. "తెలుసుకోవడం వద్దు నాకు."

కారు పక్కకి ఆపమని మావారితో అన్నాను. వెనక సీట్లోకి వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. ఆ మాట నేను తనకి ఎప్పుడూ నేర్పలేదు.

చివరికి ఒప్పుకున్నాక జూన్‌లో దాన్ని తీసుకెళ్లాం. నన్ను గదిలోకి రానివ్వలేదు. బయట కుర్చీలో కూర్చుంటే ఓరగా వేసిన తలుపులోంచి బటన్ చప్పుడు వినిపించింది. టక్, టక్. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. ఎంతసేపో తెలియదు. మళ్లీ టక్ అంది.

"ప్రస్తుతానికి అంతా బాగుంది. ఏడాదికోసారి తీసుకురండి" అంది డాక్టర్.

అమ్మాయి బతికానన్నట్టు నవ్వేసి, పరీక్ష కోసం వేసిన చుక్కలకి మసకబారిన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, తండ్రి మోచెయ్యి పట్టుకుని ఎండలోకి నడిచింది. నేను ముందు గదిలో నిలబడి వచ్చే జూన్‌కి అపాయింట్‌మెంట్ రాయించాను. ప్రస్తుతానికి అన్న మాట ఆవిడ ఎలా అందో గుర్తు తెచ్చుకుంటూ, తేదీ సరిగ్గా రాశారో లేదో రెండుసార్లు చూశాను.